తులసీ ఘాట్ మహంతు గారు

మనవాళ్లు కాశీ వెళ్తే తొమ్మిది నిద్రలు చేసి రావాలంటారు. మా అమ్మ చేత ఆ తొమ్మిది నిద్రలూ చేయించడానికి వెళ్లినప్పుడు నేను పనిగట్టుకుని చూసొచ్చిన చోటు తులసీ ఘాట్. తులసీదాసు ఉన్న చోటని అందరూ వెళ్తారు. నేను వెళ్లింది వీరభద్ర మిశ్రా గారి మీద గౌరవంతో. అప్పటికే ఆయన లేరు. 2013 మార్చి 13న పోయారు.

ఆయన సంకటమోచన్ హనుమంతుడి గుడికి మహంతు. తండ్రి పోవడంతో పద్నాలుగో ఏటే ఆ బాధ్యత నెత్తిన పడింది. అంతవరకే అయితే కాశీలో ఉన్న చాలామంది మహంతుల్లో ఆయనా ఒకరు. కానీ బెనారస్ హిందూ యూనివర్సిటీలో హైడ్రాలిక్స్ చెప్పిన ప్రొఫెసర్ కూడా ఈయనే! పొద్దున్నే గంగలో మునక, పూజ. ఆ తర్వాత క్లాసులో నీటి ప్రవాహాల మీద పాఠం.

1982లో సంకటమోచన్ ఫౌండేషన్ పెట్టి, ఘాట్ మీదే ల్యాబ్ నడిపించారు. నదిలో స్నానం చేయాలంటే 100 మిల్లీలీటర్ల నీళ్లలో మలం నుంచి వచ్చే కోలిఫాం బ్యాక్టీరియా 500 లోపు ఉంటే మంచిది, 2,500 దాటకూడదు అని మన దేశంలో లెక్క. ఆ ల్యాబ్‌లో తేలే అంకెలు దీనికి ఎన్నో రెట్లు ఉండేవి. ఆ అంకెలన్నీ తెలిసీ మర్నాడు మళ్లీ అదే గంగలో దిగేవారు. నాకు ఆయన్ని మర్చిపోనివ్వనిది ఇదే. భక్తి కోసం అంకెలు దాచలేదు, అంకెల కోసం భక్తి వదల్లేదు. రెండూ మోయడం ఎంత బరువో!

మాట విషయంలోనూ ఆయన జాగ్రత్త గమనించాలి. గంగ మురికిదంటే భక్తుడికి తిట్టులా తగులుతుంది. అదే, మన తల్లి మీద మురుగు పోస్తున్నారంటే కదులుతాడు. మా అమ్మ దగ్గరే చూశాను. పక్కనున్న ఆవిడెవరో "ఛీ, నీళ్లు బాలేవు" అంటే, "గంగమ్మని అట్లా అనకూడదు తల్లీ" అని గట్టిగా అడ్డుకుంది. కాసేపటికి అదే అమ్మ, పూల కవరు నదిలోకి విసరబోయిన కుర్రాణ్ణి చెయ్యి పట్టుకుని ఆపింది.

1986లో రాజీవ్ గాంధీ గంగా యాక్షన్ ప్లాన్‌ని కాశీలోనే మొదలుపెట్టారు. మురుగుని పంపులతో తోడి శుద్ధి కేంద్రాలకు పంపాలన్నది పథకం. మిశ్రా గారు అడిగింది మామూలు ప్రశ్నే: కరెంటు పోతే? పంపు ఆగితే మురుగంతా గంగలోకే కదా! వరదలొస్తే పంపులే మునుగుతాయి. దానికి బదులు ఘాట్ల వెంట పైపు వేసి, మురుగుని వాలు మీదే దిగువకు పారించి, నాచూ సూక్ష్మజీవులూ శుద్ధి చేసే చెరువుల్లోకి మళ్లిద్దామన్నారు. ఆ చెరువుల పద్ధతి కాలిఫోర్నియా ప్రొఫెసర్ విలియం ఆస్వాల్డ్ రూపొందించింది. కరెంటు మన చేతిలో ఉండదు, పల్లం ఎక్కడికీ పోదు. ఇది అర్థం కావడానికి ఇంజనీరే కానక్కర్లేదు. అయినా ఆ పైపు కోసం ఏళ్లకేళ్లు ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. బతికుండగా అది పూర్తికాలేదు.

ఇప్పుడు మహంతు ఆయన కొడుకు విశ్వంభర్‌నాథ్ మిశ్రా గారు. ఈయనా ప్రొఫెసరే, ఎలక్ట్రానిక్స్‌లో. గంగ నీళ్ల లెక్క ఈయనా అడుగుతూనే ఉన్నారు.