దాచిన పొర, పోగొట్టిన పొర



అధ్యాసభాష్యాన్ని ముప్పై ఏళ్ళుగా చదువుతూ, అడిగినవారికి చెబుతూ వస్తున్నాను. ఆవరణశక్తి, విక్షేపశక్తి అనే పదాలు నా నాలుకకు నిత్యపరిచితాలు. అయినప్పటికీ ఆవరణమంటే ఏమిటో నా హృదయానికి తాకేటట్లు చూపినవాడు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇరుకైన డిజైనింగు దుకాణంలో కంప్యూటరు ముందు కూర్చున్న ఇరవై రెండేళ్ళ యువకుడు. అతడికి వేదాంతం తెలియదు, ఫొటోషాప్ తెలుసు. జరిగినది జరిగినట్లు సాధకులకు నివేదిస్తున్నాను. ఇందులో నా దోషం ఉన్నది, దానిని దాచను.

మా పితృపాదుల శతజయంతి సందర్భంగా ఆలయంలో వేదపారాయణం సంకల్పించాము. ఆహ్వానపత్రికకూ, ద్వారం వద్ద కట్టే ఫ్లెక్సీకీ వారి చిత్రం కావలసి వచ్చినది. వారి ఛాయాచిత్రం మా ఇంట ఒక్కటే ఉన్నది. మా అన్నగారి ఉపనయనం నాడు తీయించిన నలుపు-తెలుపు చిత్రమది. తండ్రిగారు అరుగుమీద కూర్చున్నారు. ప్రక్కన దండధారియై ఎనిమిదేళ్ళ అన్నగారు నిలుచున్నారు. తండ్రిగారి కుడిచేయి ఆ బాలుని భుజంమీద ఉన్నది. నేనప్పటికి పుట్టలేదు.

నాకు తొలి స్వరం నేర్పినవారు ఆ అన్నగారే. తండ్రిగారు సంచారంలో ఉన్నప్పుడు నన్ను ఎదుట కూర్చోబెట్టి పన్నాలు వల్లె వేయించినవారు ఆయనే. తరువాత అర్చకత్వపు వంతుల విషయంలో, ఊరిలోని ఇంటి విషయంలో మాటలు పెరిగినవి. పిదప మాటలే లేకపోయినవి. పన్నెండేళ్ళు గడచినవి. ఆయన నివాసం ఎల్.బి.నగర్. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటగానే మూడవ స్టేషను అదే. పన్నెండేళ్ళలో ఆ మూడు స్టేషన్ల దూరం నేను దాటలేదు.

ఆ యువకుడు పాత చిత్రాన్ని స్కాన్ చేసి, ఇద్దరి ఆకృతులను విడివిడిగా కత్తిరించి, రెండు వేర్వేరు పొరలుగా అమర్చాడు. వెనుక మా ఆలయగోపురం మరొక పొర. ఇద్దరి చుట్టూ మెల్లని కాంతివలయం, ప్రక్కన లేతనీడ కల్పించాడు. వాటిని ‘ఔటర్ గ్లో’, ‘డ్రాప్ షాడో’ అంటారట. “ఈ పిలగాడు మీరేననుకొని ఇద్దరికీ వెలుగు పెట్టిన అయ్యగారూ” అన్నాడు.

“నేను కాదు. ఆ బాలుణ్ణి తీసివేయి నాయనా, తండ్రిగారు ఒక్కరు చాలు” అన్నాను. ఆ బాలుడెవరో చెప్పలేదు.

అతడు ఒక గుర్తును జరిపాడు. బాలుని ముఖం, జందెం, దండం అన్నీ మాయమైనవి. అయితే ఒక విచిత్రం మిగిలినది. బాలుడున్న చోట ఆకృతి లేదు, కానీ ఆ ఆకృతి అంచు వెంబడి కాంతి ఉన్నది, ప్రక్కన నీడ ఉన్నది! మనిషి లేడు, మనిషి నీడ ఉన్నది. నేను నివ్వెరపోయాను.

“పొరపాటున ‘ఫిల్’ తగ్గించిన అయ్యగారూ” అని అతడు వివరించాడు. ప్రతి పొరకూ రెండు అదుపులు ఉన్నవట. ‘ఫిల్’ను సున్నకు దించితే పొరలోని వస్తువు మాత్రమే అదృశ్యమవుతుంది, దానికి తగిలించిన నీడ, కాంతి వంటి ఎఫెక్టులు అలాగే నిలుస్తవి. ‘ఒపాసిటీ’ని సున్నకు దించితే వస్తువుతోపాటు ఎఫెక్టులూ కనుమరుగవుతవి.

సాధకులారా, వాసన అనే పదానికి ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతం నేను ఎరుగను. పన్నెండేళ్ళుగా నేను చేసినది కేవలం ‘ఫిల్’ తగ్గించడమే. అన్నగారిని మనస్సునుండి తీసివేశానని అనుకొన్నాను. ఆయన రూపం రాకుండా చూసుకొన్నాను. కానీ ఆయన పేరు ఎవరైనా పలికితే కంఠం బిగుసుకొనేది. పారాయణంలో ఆయన నేర్పిన పన్నం వస్తే స్వరం తొట్రుపడేది. విషయాన్ని తొలగించాను, సంస్కారాన్ని తొలగించలేకపోయాను. విషయాలు నిరాహారికి దూరమైనా రుచి మాత్రం మిగిలి ఉంటుందని గీతాచార్యుడు రెండవ అధ్యాయంలో హెచ్చరించినది ఇందుకే కదా.

ఈసారి యువకుడు ఒపాసిటీని నెమ్మదిగా దించాడు. నూరు, డెబ్బై, నలభై, పది. బాలుడు పొగమంచులోనికి వెళ్ళినట్లు వెళ్ళిపోయాడు. నీడ కూడ పోయినది. ఇక తెరమీద తండ్రిగారు ఒక్కరే. కానీ వారి కుడిచేయి ప్రక్కకు చాచి గాలిలో నిలిచి ఉన్నది. వ్రేళ్ళు కొంచెం వంగి దేనినో పట్టుకొన్నట్లున్నవి, అక్కడ పట్టుకొనడానికి ఏమీ లేదు. చేయి తండ్రిగారి పొరలో ఉన్నది కనుక అది పోలేదు.

యువకుడు కూడ దానిని చూచి, “చెయ్యి బాగుంటలేదు, దానికి మాస్క్ వేసి దాస్తా” అన్నాడు. మాస్క్ అంటే పొరకు తగిలించే మరొక తెర. దానిమీద నలుపు పూస్తే అక్కడ వస్తువు దాగుతుంది, తెలుపు పూస్తే బయటపడుతుంది, బూడిదరంగు పూస్తే సగం సగం కనబడుతుంది. అన్నగారిని దాచినందుకు ఇప్పుడు తండ్రిగారి చేతిని దాచవలసి వచ్చినది! ఒక ఆవరణాన్ని నిలబెట్టుకొనడానికి మరొక ఆవరణం కావాలి. అవిద్య యొక్క సంసారమంతా ఈ విధంగానే పెరుగుతున్నది.

గీత మూడవ అధ్యాయం ముప్పై ఎనిమిదవ శ్లోకంలో భగవానుడు ఆవరణానికి మూడు ఉపమానాలు చెప్పాడు. పొగ కప్పిన అగ్ని, మాలిన్యం కప్పిన అద్దం, మావి కప్పిన శిశువు. పొగ చిరుగాలికే చెదరుతుంది. అద్దాన్ని పూనికతో తుడవాలి. మావి విడడానికి కాలపరిపాకం కావాలి. ఒపాసిటీలో తారతమ్యం ఉన్నట్లే ఆవరణంలోనూ తారతమ్యం ఉన్నది. అయితే మూడింటిలోనూ ఒక్క అంశం సమానం: లోపలి వస్తువుకు హాని లేదు.

ఇందులోని గణితం కూడ ఆలోచింపదగినది. పొర ఒపాసిటీ 50 శాతమైతే క్రింది చిత్రం సగం కనబడుతుంది. అటువంటి రెండవ పొర పరిస్తే నూరు శాతం కప్పబడుతుందని అనుకొంటాము; కాదు, 75 శాతమే. మిగిలిన సగంలో సగం ఇంకా కనబడుతుంది. మూడవ పొరకు 87.5 శాతం. పది పొరలు పరచినా గణితదృష్ట్యా క్రిందిది దాదాపు వెయ్యవ వంతు ప్రకాశిస్తూనే ఉంటుంది. పొరలను కలిపే ఈ లెక్కను 1984లో టామ్ పోర్టర్, టామ్ డఫ్ అనే ఇద్దరు శాస్త్రీకరించారు. 1990లో వెలువడిన ఫొటోషాప్‌లో మొదట పొరలు లేవు. అవి 1994లో మూడవ సంచికతో వచ్చినవి. అంతకుముందు ఒక చిత్రంమీద మరొకటి అతికిస్తే అది క్రిందిదానిలో కలిసిపోయేది. పొరలు వచ్చిన తరువాతనే దాచడం వేరు, పోగొట్టడం వేరు అయినది.

ఆ భేదమే నన్ను ఆ దుకాణంలో నిలబెట్టినది. యువకుడు చివరగా అడిగాడు: “ప్రింటుకు ఫ్లాటెన్ చేసి పంపాలె. ఇప్పటిదాకా ఆ పిలగాణ్ణి తీసెయ్యలేదు అయ్యగారూ, దాచిన, అంతే. పొర కన్ను మూసిన.” నిజమే, పొరల పట్టికలో ప్రతిదానికీ ఒక చిన్న కన్ను గుర్తు ఉన్నది. “ఫ్లాటెన్ చేస్తే పొరలన్నీ ఒకటైతయి, కన్ను మూసినవి పోతయి. ఆ ఫైలు దాచి మూసేస్తే మళ్ళ రావు. చెయ్యాల్నా?” తెరమీద, దాగిన పొరలను విడిచిపెట్టవచ్చునా అనే ప్రశ్న వెలసినది.

ఇక్కడ ఒక వివేచన అవసరం. ఆత్మవస్తువును ఏ ఆవరణమూ నశింపజేయజాలదు. పంచకోశాలనూ ఒక్కొక్కటిగా కాదని త్రోసివేసినా మిగిలేది శూన్యం కాదు. ఫొటోషాప్‌లో అన్ని పొరల కన్నులూ మూస్తే తెరపై తెలుపు-బూడిద గళ్ళు మాత్రమే మిగులుతవి. అవి ‘ఏమీ లేదు’ అనడానికి గుర్తు. కానీ ఆ గళ్ళను కూడ చూస్తున్నవాడు కుర్చీలో కూర్చొని ఉన్నాడు. ఆ సాక్షి ఏ పొరా కాడు. అందుచేత ఉపమానాన్ని అంతవరకే గ్రహించాలి. వ్యవహారదశలోని బంధాలకు మాత్రం ఆత్మకున్న నిత్యత్వం లేదు. అక్కడ మన వ్రేలు ‘సరే’ అని నొక్కగలదు. నొక్కిన తరువాత మరల తెరవడానికి పొర ఉండదు. నాకు యాభై ఎనిమిదేళ్ళు, అన్నగారికి అరవై ఏడు. ఎవరి వైపునుండి ఎప్పుడు ఫ్లాటెన్ అవుతుందో చెప్పలేము.

“వద్దు నాయనా. ఆ కన్ను తెరువు” అన్నాను. అతడు కన్ను తెరచి ఒపాసిటీని నూరుకు పెంచాడు. తండ్రిగారి చేయి మరల భుజాన్ని అందుకొన్నది. “కాంతివలయాలు, నీడలు రెండింటికీ తీసివేయి. ఉన్నది ఉన్నట్లు ఉండనీ” అన్నాను. పొరలన్నీ విడిగా ఉన్న పీఎస్‌డీ ఫైలును వేరుగా భద్రపరచి, ముద్రణకు మాత్రం నకలును ఫ్లాటెన్ చేసి పంపాడు.

పత్రికలు వచ్చిన నాటి సాయంకాలం మొదటి ప్రతిని తీసుకొని దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కాను. అన్నగారే తలుపు తీశారు. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. పత్రికను కళ్ళజోడు సవరించుకొని చూశారు. తండ్రిగారి చేతిమీద వ్రేలు ఉంచి, “ఇది ప్రేమతో వేసిన చెయ్యి అనుకొంటున్నావేమోరా. నేను కదులుతుంటే ఫొటో చెడిపోతుందని గట్టిగా పట్టుకొన్నారు” అన్నారు. కొంతసేపటికి, “కాఫీ త్రాగి వెళ్ళు” అన్నారు.

వంతుల వివాదం ఇంకా తీరలేదు. ఆ పొర అలాగే ఉన్నది. దాని ఒపాసిటీ మాత్రం కొంత తగ్గినది. పారాయణం నాడు అన్నగారు వచ్చి, చివరి వరుసలో కూర్చొని స్వరం కలిపారు. మీలో ఎవరైనా ఏ పొరకైనా కన్ను మూసి ఉంచితే, ఫ్లాటెన్ కాకముందే ఒక్కసారి తెరచి చూడవలసినదిగా ప్రార్థన.

సర్వం శ్రీపరమేశ్వరార్పణమస్తు.