గుడి తేలిందంట... నందికొట్కూరికి వస్తారా?

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే ఏ ఊరి ఆడపడుచైనా పుట్టింటికి ఫోన్ చేసి ఏమడుగుతుంది? మామిడికాయలు దిగాయా, ఊరగాయ పెట్టారా, చిన్నమ్మ వాళ్ళు ఎప్పుడొస్తున్నారు... ఇవే కదా! మా నందికొట్కూరు వైపు ఆడపిల్లలు మాత్రం వీటన్నిటికంటే ముందు ఇంకో మాట అడుగుతారు. "గుడి తేలిందా?" అని.

గుడి తేలడమేమిటి అని ఆశ్చర్యపోకండి, చెబుతాను. అయితే మిమ్మల్ని నేరుగా గుడి దగ్గరికి తీసుకుపోతే మా ఊరు చిన్నబుచ్చుకుంటుంది. ముందు ఊళ్ళోకి రండి.

కర్నూలులో ఆత్మకూరు వైపు వెళ్ళే బస్సు ఏదెక్కినా సుమారు 30 కిలోమీటర్లకు నందికొట్కూరు వస్తుంది. రైలు లేదు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మా ఊరు నంద్యాల జిల్లాలోకి వెళ్ళింది గానీ, పెద్దవాళ్ళు ఇంకా "మాది కర్నూలు జిల్లా" అనే అంటారు. మెట్టినింటికి వెళ్ళిన పిల్ల పుట్టింటి పేరు చెప్పుకున్నట్టు! పొలిమేరల్లో కె.సి. కాలువ కనిపిస్తుంది. కర్నూలు, కడప జిల్లాలను కలుపుతూ 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించింది. నీళ్ళు పారించడానికే కాదు, పడవలు నడపడానికి కూడా అనుకున్నారు. లాభం రాక 1882లో సర్కారుకు అమ్మేసుకున్నారు. ఎండాకాలంలో కాలువ వట్టిపోయి ఉంటుంది కాబట్టి చూసి పెదవి విరవకండి.

ఏప్రిల్, మే నెలల్లో మాకు 43, 44 డిగ్రీలు మామూలు. పొద్దున పదకొండు దాటితే బజారులో కుక్క కూడా తిరగదు. పాత ఇళ్ళన్నీ మట్టి మిద్దెలు. పైన చౌడుమట్టి కప్పు, కింద బేతంచెర్ల నాపరాళ్ళు. ఆ బండల మీద బకెట్టు నీళ్ళు చల్లి, గడప మీద తల పెట్టుకుని పడుకుంటే... ఏసీ మిషను పెట్టించుకున్న మా వదినె కూడా మధ్యాహ్నం కాగానే అక్కడికే చేరుతుంది. సాయంత్రం ఆరున్నరకు పిల్లలు మిద్దె మీద నీళ్ళు చల్లుతారు. చౌడు వాసన లేస్తుంది. ఎనిమిదికల్లా ఈతచాపలు, బొంతలు, నీళ్ళ చెంబు పైకి చేరతాయి. ఇక మొదలవుతాయి కబుర్లు.

మా ఇంట్లో అక్కచెల్లెళ్ళం, వదినెలం, చిన్నమ్మ కూతుళ్ళం కలిసి పదకొండు మంది. ఒకరు హైదరాబాదు, ఒకరు బెంగళూరు, ఒకరు బళ్ళారి, ఒకమ్మాయి అమెరికాలో డాలస్. ఒకప్పుడు ఏడాది పొడవునా వచ్చిన ఇన్లాండ్ లెటర్లన్నీ అవ్వ చూరులో దోపి, సెలవులకు మేము రాగానే ఒక్కొక్కటి తీసి చదివించుకునేది. ఇప్పుడు వాట్సాప్ గ్రూపు ఉంది. ఎవరి పిల్లవాడికి ఎన్ని మార్కులు వచ్చాయో, ఎవరు ఏ కొత్త చీర కొన్నారో క్షణాల్లో అందరికీ తెలుస్తుంది. మరి మిద్దె మీద చెప్పుకోవడానికి ఏం మిగిలిందంటారా? అసలైనవన్నీ అక్కడే మిగిలాయి! ఫోనులో అందరూ మంచి వార్తలే పెడతారండీ. చీటీ పాడిన డబ్బు మునిగిందనీ, బోరు ఎండిపోయి మూడో బోరుకు అప్పు చేశారనీ, మరిది రెండు నెలలుగా పనికి పోవడం లేదనీ, డాక్టరు ఆపరేషన్ అన్నాడనీ ఎవరు రాస్తారు? దీపం తీసేసిన తర్వాత, పిల్లలు నిద్రపోయారని నమ్మకం కుదిరాక, చీకట్లో ఒకరి ముఖం ఒకరికి కనిపించనప్పుడు నోటి నుంచి వస్తాయి అవి. మా చిన్నక్క తన కష్టం ఒకటి మూడేళ్ళు దాచి, పోయిన ఎండాకాలం ఆ మిద్దె మీదే చెప్పింది. ఎవరూ సలహా ఇవ్వలేదు. వదినె లేచి నీళ్ళ చెంబు అందించింది. తెల్లారేసరికి చెల్లెళ్ళిద్దరూ కలిసి ఏం చేయాలో లెక్క వేసి పెట్టారు.

తెల్లారిందంటే ఉగ్గాని. ఇది మా రాయలసీమ పలహారం. బొరుగులు నీళ్ళలో వేసి, నానీనానక ముందే గట్టిగా పిండి తీసేయాలి. ఆలస్యం చేశారా, ముద్దయిపోతుంది. పోపులో ఉల్లిపాయ, పచ్చిమిరప, కరివేపాకు, పసుపు వేసి మగ్గాక బొరుగులు కలిపి, దించే ముందు పుట్నాలపొడి చల్లి, నిమ్మకాయ పిండాలి. పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే ఉగ్గాని తిన్నట్టు లెక్క కాదు.

అన్నట్టు, నన్నారి షర్బతు సంగతి మరిచిపోకుండా చెప్పాలి. నల్లమల అడవిలో చెంచులు తవ్వి తెచ్చే సుగంధి వేర్లతో చేస్తారు. వేర్లు బాగా కడిగి, చితక్కొట్టి, లోపలి కట్టెపుల్ల తీసేసి, పైబెరడు రాత్రంతా నానబెట్టాలి. పొద్దున ఆ నీళ్ళతోనే మరిగించి వడగట్టి, చక్కెర పాకం పట్టి సీసాకు పోసుకుంటే వేసవి గడిచిపోతుంది. గ్లాసుకు రెండు చెంచాల నన్నారి, అర నిమ్మచెక్క, నానిన సబ్జా గింజలు, కుండ నీళ్ళు. బజారులో అమ్మే ఎర్రరంగు నీళ్ళన్నీ నన్నారి కావు, చూసి తాగండి.

ఇక గుడి సంగతి.

నందికొట్కూరు నుంచి కొత్తపల్లి మండలం వైపు వెళితే కృష్ణానది ఒడ్డున సంగమేశ్వరం ఉంది. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి... ఏడు నదులు కలిసే చోటని పేరు. ఆరు ఆడ నదులు, భవనాశి ఒక్కటే మగ నది అంటారు. అక్కడి శివుడు రాయి కాదు, వేప మొద్దు! ధర్మరాజు ప్రతిష్ఠించాడని స్థలపురాణం. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో పునాది వేశారు. 1980ల మొదట్లో నీళ్ళు నిలబెట్టాక ఈ గుడి జలాశయంలో మునిగిపోయింది. జలాశయం నిండితే 885 అడుగులు. ఎండాకాలంలో నీళ్ళు తగ్గి సుమారు 840 అడుగుల కిందికి దిగితే గుడి మొత్తం బయటపడుతుంది. ఏడాదిలో ఏడెనిమిది నెలలు నీళ్ళలో, మిగిలిన నాలుగు నెలలు ఎండలో. నీళ్ళు తగ్గేటప్పుడు మొదట శిఖరం, తర్వాత గోడలు, చివరికి గర్భగుడి. ఇన్నేళ్ళు నానుతూ ఎండుతూ ఉన్నా వేపలింగం అలాగే ఉంది. చుట్టూ ఒండ్రుమట్టి కడిగి, పసుపు కుంకుమ పెట్టి పూజలు మొదలుపెడతారు. ఆ వార్తే మా ఇళ్ళకు చేరేది, "గుడి తేలిందంట" అని.

భక్తులు గుడి చూడ్డానికి వస్తారు. మరికొందరు గుడి చూసి, అక్కడితో ఆగకుండా, పగుళ్ళు వేసిన రేగడిలో ఇంకొంచెం దూరం నడుస్తారు. వాళ్ళు ఊరు చూసుకోవడానికి వచ్చినవాళ్ళు.

ఆ జలాశయం కింద పోయినవి ఒకటి రెండు ఊళ్ళు కాదు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కలిపి నూటికి పైగా గ్రామాలు. 1981లో ఖాళీ చేయించారు. మా మేనత్త మెట్టిన ఊరు వాటిలో ఒకటి. అప్పటికి ఆమెకు ఇద్దరు పిల్లలు, మూడోది కడుపులో. బండిలో పట్టినన్ని సామాన్లు వేసుకుని బయల్దేరారట. రోలు బరువని వదిలేశారు.

పోయిన వేసవిలో ఆమెతో కలిసి మేమూ వెళ్ళాం. డెబ్బై దాటిన మనిషి, చేతికర్ర లేకుండా మాకంటే ముందు నడిచింది. మాకు కనిపించింది మట్టి, రాళ్ళు, గుల్లలు, అక్కడక్కడా నీళ్ళు దిగిన చోట రైతులు వేసుకున్న పైరు. ఆమెకు కనిపించింది వేరు. "ఇది చావడి. ఈడ బావి. ఇట్ల తిరిగితే మా వాకిలి" అంటూ పోయి ఒక చోట ఆగింది. సగం మట్టిలో కూరుకుపోయి రోలు! మట్టి గోకి, కొంగుతో తుడిచి, పసుపు రాసి కుంకుమ పెట్టింది. మా అక్క కూతురు ఫోను తీసి ఫోటో పట్టుకుంటూ, "ఇది నీ రోలేనని ఎట్ల తెల్సు జేజీ?" అంది. "నా రోలు నాకు తెలీదా? మా అత్త గుండెలు బాదుకుని నూరించింది దీన్లోనే" అని నవ్వింది.

అంతలో ఆ ఊరివాళ్ళే ఇంకో రెండు కుటుంబాలు వచ్చాయి. "ఏమక్కా, బాగుండావా?" "నువ్వు ఫలానా ఆయన కోడలివి కదమ్మా?" ఒకరు ఆత్మకూరులో ఇల్లు కట్టుకున్నారు, ఒకరు కర్నూలులో తోపుడుబండి మీద పండ్లు అమ్ముతున్నారు, ఇంకొకరి కొడుకు దుబాయిలో. ఎవరు పోయారు, ఎవరికి మనవళ్ళు పుట్టారు... ఏడాది వార్తలన్నీ ఆ ఎండలో నిలబడే చెప్పుకున్నారు. నిర్వాసితుల ఇంటికొక ఉద్యోగమని 1986లో వచ్చిన 98 జీవో మాట కూడా వచ్చింది. దాని కోసం తిరిగి తిరిగి వయసు దాటిపోయిన కొడుకులు ప్రతి ఇంట్లో ఉన్నారు.

ఒక్క ఊరు ముప్పై ఊళ్ళకు చెదిరిపోతే ఆ ఊరి ఆడపిల్లలకు పుట్టిల్లు ఎక్కడుంటుంది చెప్పండి? పండక్కి పిలిచే అన్న ఇల్లు ఉండొచ్చు, బారసాలకు చీర పెట్టే వదినె ఉండొచ్చు. చిన్నప్పుడు ఎక్కిన వేపచెట్టు, కలిసి నీళ్ళు మోసిన బావి గట్టు, వాకిట్లోంచి కేకేస్తే పలికే పక్కింటి స్నేహితురాలు... అవి ఉండవు. అందుకే నీళ్ళు తగ్గిన ఆ నాలుగు నెలలే వీళ్ళకు పుట్టింటి సెలవులు.

తిరిగొచ్చేటప్పుడు నేను ఊరికే ఉండలేక ఒక సంగతి చెప్పాను. ఆ సంగమంలోనే ఉండిన రూపాల సంగమేశ్వరాలయాన్ని మునగక ముందే రాయి రాయి విప్పి, కర్నూలు దగ్గర జగన్నాథగట్టు మీద మళ్ళీ కట్టారు. కూడవెల్లి గుడిని అలాగే అలంపురం తెచ్చారు. మేనత్త విని, "అవునమ్మా, దేవుని రాళ్ళు జాగ్రత్తగా మోసుకపోయినారు. మా రోలు మోసేవాళ్ళే లేకపోయిరి" అంది. కోపంగా అనలేదు. సంచిలోంచి బుడ్డలు తీసి అందరికీ తలా గుప్పెడు పంచింది.

జూలైలోనో ఆగస్టులోనో ఎగువ నుంచి వరద వస్తుంది. గర్భగుడిలోకి నీళ్ళు వచ్చాక, చివరికి శిఖరానికి పూజ చేసి వెనక్కి వస్తారు. ఆ కబురు కూడా ఫోన్లలో తిరుగుతుంది. అప్పటికి మేమంతా ఎవరి ఇళ్ళల్లో వాళ్ళం ఉంటాం.

మీరు వెళ్ళాలనుకుంటే కొన్ని మాటలు. మార్చి నుంచి జూన్ దాకా అనువైన కాలం, కానీ అన్ని ఏళ్ళూ ఒకేలా ఉండదు. బయల్దేరే ముందు జలాశయం నీటిమట్టం ఎంతుందో, దారి ఎటు బాగుందో నందికొట్కూరులోగానీ ఆత్మకూరులోగానీ అడిగి వెళ్ళండి. తెల్లవారుజామున అయిదుకే కదలండి, పదికల్లా తిరిగి రావాలి. నీడ ఉండదు. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, గొడుగు తప్పనిసరి. గుడి దగ్గర రాళ్ళు కాలతాయి, పిల్లలకు మేజోళ్ళు వేయండి. పైకి ఎండినట్టు కనిపించే ఒండ్రు లోపల మెత్తగా ఉంటుంది, ముందెవరైనా నడిచిన దారినే పొండి. నదిలో లోతు తెలియని చోట స్నానాలకు దిగొద్దు. తినడానికి జొన్నరొట్టె, శెనక్కాయపొడి, పెరుగన్నం కట్టుకోండి. ఎండకు పాడవని భోజనం ఇదొక్కటే.

ఇంకో రోజు చేతిలో ఉంటే కొత్తపల్లి మండలంలోనే నల్లమల అంచున కొలనుభారతి ఉంది. సరస్వతీదేవి గుడి, పిల్లలకు అక్షరాభ్యాసాలు చేయిస్తారు. పక్షులంటే ఇష్టమున్నవాళ్ళు రోళ్ళపాడు వెళ్ళవచ్చు. బట్టమేక పిట్ట కోసమని 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. ఆ పిట్ట ఇప్పుడు కనబడడం చాలా అరుదు. కృష్ణజింకలు మాత్రం పొద్దున్నే మందలుగా కనిపిస్తాయి. మా పిల్లలు ఇరవైమూడు లెక్కపెట్టి, ఇరవైనాలుగోది ఆడదా మగదా అని బస్సు దిగేదాకా కొట్లాడుకున్నారు.