బాబాయి హార్డ్ డిస్కూ, నా పది సెకన్లూ

ముందే ఒక మాట చెప్పేస్తాను. మీ ఇంట్లో పాత హార్డ్ డిస్కు ఏదైనా టక్ టక్ మంటుంటే, ఇది చదవడం ఆపి దాని కరెంటు తీసేయండి. తర్వాత తీరిగ్గా వచ్చి చదువుకోవచ్చు. నేను ఆ పని చెయ్యలేదు కాబట్టే ఇదంతా రాయాల్సొచ్చింది.

నా ఉద్యోగం గురించి రెండు ముక్కలు. బెంగళూరులో ఒక కంపెనీలో స్టోరేజీ టీములో పనిచేస్తాను. ఏ సర్వరు పోతే ఎంతసేపట్లో లేపాలి, ఎంత డేటా పోయినా ఫరవాలేదు అని ఎక్సెల్ షీట్లలో నింపడమే పని. ఆర్పీఓ, ఆర్టీఓ అంటూ మీటింగుల్లో తెగ వాయిస్తుంటాను (మా నాన్నకి ఆర్టీఓ అంటే లైసెన్సులిచ్చే ఆఫీసే, ఎన్నిసార్లు చెప్పినా). అమెరికాలో ఎవరి డేటాకో మూడు కాపీలుంటాయి నా చలవ వల్ల. సొంత బాబాయి పన్నెండేళ్ళ పనికి మాత్రం ఒకే కాపీ. అది కూడా అటక మీద.

మాది కోట. గూడూరులో రైలు దిగి తూర్పుగా వెళ్తే వస్తుంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తిరుపతి జిల్లాలో కలిపారు గానీ, ఆ తర్వాత కూడా ఎవరన్నా అడిగితే నా నోట్లో నెల్లూరు జిల్లా అనే వచ్చేది. సముద్రం దగ్గరే. ఆ గాలికి మా ఊళ్ళో సైకిళ్ళ దగ్గర్నుంచి ఫ్యాన్ల దాకా అన్నీ తుప్పు పడతాయి. బాబాయికి అక్కడ ఫోటో స్టూడియో ఉండేది. 1994లో పెట్టాడు, 2005లో డిజిటల్‌కి మారాడు, అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక 2017లో మూసేశాడు. డిజిటల్ కాలం మొత్తం ఒక అసెంబుల్డ్ కంప్యూటర్‌లో, 80 జీబీ ఐడీఈ డిస్కులో ఉంది. ఎక్స్‌పీ, నలభై పిన్నుల వెడల్పాటి కేబులు, మాస్టర్-స్లేవ్ జంపరు.. చూసి ఎన్నాళ్ళయిందో కదా!

2023 డిసెంబర్‌లో మిగ్‌జాం తుఫాను వానకి ఆ అటక కారింది. నేను 2024 సంక్రాంతికి వెళ్ళేసరికి సీపీయూ ఎండలో ఆరేసి ఉంది, వడియాల పక్కన.

"అబ్బోడా, దీన్ని ఎట్టన్నా ఆన్ చేసి పెట్టరా. ఒకామెకి ఫోటో కావాల" అన్నాడు బాబాయి.

ఆ ఒకామె సముద్రం ఒడ్డు పాళెంలో ఉంటుంది. భర్త పోయి పదేళ్ళు దాటింది. ఉన్న ఆల్బం 2015 నవంబర్ వరదల్లో తడిసి ముద్దయిపోయింది. మిగిలిందల్లా కార్డు మీది బిళ్ళంత ఫోటో. అందులో ఆయనో, వాళ్ళ అన్నో తేల్చుకోవడం కష్టం. మాఘంలో కూతురి పెళ్ళి. పందిట్లో దండ వేసి పెట్టడానికి తండ్రి ఫోటో కావాలి. 2007లో వాళ్ళ బంధువుల పెళ్ళికి బాబాయే ఫోటోలు తీశాడు, అందులో ఆయన ఉన్నాడని ఆమెకి గుర్తు. అప్పటికి రెండుసార్లు వచ్చి అడిగి వెళ్ళింది.

"నెగిటివ్ అయ్యుంటే బూజు తుడిచి ప్రింటేసేవాణ్ణి. మీ కంప్యూటర్లొచ్చి చెడగొట్టినాయి" అన్నాడు నావైపు చూస్తూ, నేనే కనిపెట్టినట్టు.

మొదటి రోజు నేనే హీరోని. ఎస్‌ఎంపీఎస్ పోయింది, బజారులో మొబైల్ రిపేరు కుర్రాడి దగ్గర ఒకటి దొరికింది. కరెంటు ఇస్తే డిస్కు తిరుగుతోంది గానీ బయాస్‌లో దాని పేరు చెత్త అక్షరాలతో వస్తోంది. విప్పి చూశాను. డిస్కుని కాదండోయ్, డిస్కు కింద ఉండే పచ్చ బోర్డుని. దానికి నక్షత్రం ఆకారం తల ఉన్న మరలుంటాయి, ఆ బిట్టు కూడా ఆ కుర్రాడే ఇచ్చాడు. బోర్డు తిప్పితే, లోపలి హెడ్ల నుంచి వచ్చే స్ప్రింగు పిన్నులు ఆనే చోట రాగి చుక్కలన్నీ నల్లగా మాడినట్టున్నాయి. ఉప్పుగాలి పని. మా చెల్లెలి కొడుకు బాక్సులోంచి నటరాజ్ రబ్బరు తీసుకుని మెల్లగా రుద్దితే మెరిశాయి. మళ్ళీ బిగించి ఆన్ చేస్తే బయాస్‌లో డిస్కు పేరు శుభ్రంగా వచ్చింది!

ఇంటిల్లిపాదీ చప్పట్లు. పిన్ని ఇంకో రెండు అరిసెలు పెట్టింది. నేను అక్కడ ఆపాల్సింది. కరెంటు తీసేసి, డిస్కు ఊడదీసి, గుడ్డలో చుట్టి బెంగళూరు తీసుకుపోవాల్సింది. ఇంకెవరి డిస్కు అయినా నేను చెప్పే సలహా అదే. కానీ బాబాయి పక్కన నిలబడి ఉన్నాడు, వెనకాల ఇంకో నలుగురు. విండోస్ లోడ్ అవుతోంది. నీలం తెర వచ్చింది. డిస్కుని చెక్ చెయ్యాలి, వద్దనుకుంటే పది సెకన్లలోపు ఏదో ఒక కీ నొక్కమంది. పది, తొమ్మిది, ఎనిమిది..

నొక్కలేదు. "సరిచేస్తుందిలే" అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఏమీ అనుకోలేదు, అరిసె తింటున్నాను.

చెక్‌డిస్క్ ఆరోగ్యంగా ఉన్న డిస్కుకి మంచిదే. పని మధ్యలో కరెంటు పోతే ఫైల్ సిస్టం లెక్కలు తప్పుతాయి, వాటిని సరిచేస్తుంది. కానీ దానికి డిస్కు మీద నమ్మకం ఎక్కువ. చదవబోతే చదవలేకపోయిన చోట, డిస్కుకి జబ్బేమో అని ఆగి ఆలోచించదు. లెక్క తప్పనుకుని ఆ ఎంట్రీ కొట్టేస్తుంది, దిక్కులేని ఫైళ్ళని పేర్లు మార్చి ఒక ఫోల్డర్‌లో పారేస్తుంది. అంటే చావుబతుకుల్లో ఉన్న డిస్కు మీద రాయడం మొదలుపెడుతుంది. తెర మీద డిలీటింగ్ ఇండెక్స్ ఎంట్రీ, డిలీటింగ్ ఇండెక్స్ ఎంట్రీ అని వరసగా పోతుంటే బాబాయి "ఏందిరా, డిలీట్ అంటుండాదే?" అన్నాడు. అప్పుడు మొదలైంది. టక్. కాసేపాగి.. టక్, టక్, టక్. ప్లగ్గు పీకేశాను.

ఆ చప్పుడు ఏమిటో తెలియనివాళ్ళకి. పళ్ళెం నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 120 చుట్లు. మూడున్నర అంగుళాల డిస్కులో పళ్ళెం అంచు గంటకి 120 కిలోమీటర్ల పైన పోతున్నట్టు లెక్క. దాని మీద హెడ్డు ఆనదు, గాలి పొర మీద తేలుతుంది. మధ్యలో ఖాళీ నానోమీటర్లలోనే. తల వెంట్రుక మందం కొన్ని పదుల వేల నానోమీటర్లుంటుంది, ఎంత సందో మీరే చూసుకోండి. తను ఎక్కడుందో తెలిపే గుర్తులు హెడ్డుకి దొరక్కపోతే, వెనక్కొచ్చి మళ్ళీ వెతుకుతుంది. ఆ రాకపోకల చప్పుడే టక్ టక్. హెడ్డు పళ్ళేనికి తగులుతోందంటే, ప్రతి నిమిషం అయస్కాంతపు పొర గీసుకుపోతూ ఉంటుంది. ఆ పొరే మన ఫోటోలు.

ఆ సాయంత్రం వీధి వీధంతా సలహాలే. డిస్కుని కవర్లో చుట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టమన్నారొకరు, యూట్యూబ్‌లో చూశారట. చలికి లోహం ముడుచుకుని ఇరుక్కున్న భాగాలు వదులవుతాయని దీని వెనక వాదన. పాత రోజుల్లో ఎవరికో పనిచేసి ఉండొచ్చు. కానీ మా ఊరి గాలిలో ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళసీసాకి ఎలా చెమట పడుతుందో పళ్ళెం మీదా అలాగే పడుతుంది. ఆ నీటి బొట్టు ముందు నానోమీటర్ల సందెంత! ఇంకొకరు పై మూత తెరిచి చేత్తో తిప్పమన్నారు. ఆయన్ని మర్యాదగా ఇంటికి పంపాం.

చెన్నైలో ఒక డేటా రికవరీ ల్యాబుకి ఫోన్ చేస్తే, హెడ్లు మార్చాల్సి వస్తే యాభై వేల దాకా అవుతుందన్నారు. నేనిస్తానన్నాను. బాబాయి ఒప్పుకోలేదు, "యాభై వేలు పెడితే ఆ పెండ్లే చెయ్యొచ్చు" అన్నాడు. డిస్కుని మెత్తటి తువ్వాలులో చుట్టుకుని ఒళ్ళో పెట్టుకుని బెంగళూరు తెచ్చాను. పసిబిడ్డని కూడా అంత జాగ్రత్తగా తేలేదు (మా ఆవిడ మాట).

ఇక్కడ ముందే చేయాల్సిన పని చేశాను. లినక్స్‌లో, మౌంట్ చెయ్యకుండా, యూఎస్‌బీ అడాప్టరుతో తగిలించి డీడీరెస్క్యూ నడిపాను. దీని గొప్పతనమంతా తొందరపడకపోవడంలో ఉంది. మొదట సులువుగా వచ్చేదంతా తీసుకుంటుంది. చదవలేని చోటు తగిలితే మొండికెయ్యదు, దాటేసి ముందుకెళ్తుంది. ఎక్కడెక్కడ వదిలేసిందో ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి, ఎప్పుడు ఆపినా అక్కణ్ణుంచే మొదలుపెట్టొచ్చు. పాడైన చోట్ల చుట్టూ గోకడం చివర్న. ఎందుకంటే డిస్కు చచ్చేది సాధారణంగా అక్కడే. అన్నం తినేటప్పుడు మెతుకంతా తిన్నాక ముల్లు దగ్గరికెళ్ళినట్టు.

నాలుగు రాత్రులు పట్టింది. మా అదృష్టం, హెడ్డు పూర్తిగా పోలేదు. టక్కుమన్నప్పుడల్లా ఆపి, చల్లారనిచ్చి, మళ్ళీ. ఒకసారి డిస్కు చివర్నుంచి వెనక్కి చదివిస్తే, ముందునుంచి రానివి కొన్ని వచ్చాయి. ఆఖరికి 80 జీబీలో 46 ఎంబీ తప్ప అన్నీ వచ్చాయి. వినడానికి ఎంత గొప్పగా ఉందో కదా. మా ఆఫీసులో అయితే స్లయిడ్ వేసేవాణ్ణి.

కానీ ఫోల్డర్ల పేర్లు లేవు. 2006, 2007 ఫోల్డర్ల ఇండెక్సులు చెక్‌డిస్క్ పుణ్యమా అని గాల్లో కలిసిపోయాయి. ఏ ఊరి పెళ్ళి, ఎవరి పెళ్ళి అని బాబాయి ఓపిగ్గా పెట్టుకున్న పేర్లన్నీ పోయాయి. అసలు డిస్కు పక్కన పెట్టేసి, తీసిన కాపీ మీద ఫోటోరెక్ నడిపాను. అది పేర్లతో పనిలేకుండా, జేపెగ్ ఫైలు మొదట్లో ఉండే గుర్తుని బట్టి ఫోటోలు ఏరుతుంది. పద్దెనిమిది వేల ఫోటోలు వచ్చాయి. అన్నిటికీ అంకెలే పేర్లు. కెమెరా టైం చూసి సర్దుదామంటే, బాబాయి కెమెరాలో బ్యాటరీ తీసినప్పుడల్లా తేదీ 2004 జనవరి 1కి వెళ్ళిపోయేదట!

పెన్‌డ్రైవ్‌లో వేసుకుని జనవరి ఆఖర్లో మళ్ళీ కోట వెళ్ళాను. లాప్‌టాప్ ముందు బాబాయి కూర్చున్నాడు, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి. నేను బాణం కీ నొక్కుతున్నాను. "ఇది చిట్టమూరోళ్ళ పెండ్లి.. పెండ్లికొడుక్కి జొరం ఆ రోజు. ఇది వాకాడులో గృహప్రవేశం, డబ్బులింకా ఇయ్యలా.. ఇంకా పో.. పో.. ఈ షామియానా ఎర్రగా ఉండాదే, ఇది గూడూరాయనది, అంటే వేసవిలో.. పో.." ఏ ఇండెక్సూ లేకుండా పందిరి రంగుని బట్టి, తీసిన లెన్సుని బట్టి చెప్పుకుంటూ పోయాడు. మూడు గంటలు. మధ్యలో మా నాయనమ్మ వచ్చింది, 2006లో, ఎండు మిరపకాయలు తొడిమలు తీస్తూ. ఇద్దరం ఏం మాట్లాడకుండా కాసేపు అక్కడే ఆగాం.

ఆ పెళ్ళి దొరికింది. ఆయన ఉన్న గ్రూపు ఫోటో దొరికింది. తెరిస్తే పై సగం ఉంది, వెనక వరసలో నిలబడ్డవాళ్ళందరూ ఉన్నారు. కింద సగం బూడిద రంగు. ఆయన కింద వరసలో కూర్చున్నాడు.

డిజిటల్ కెమెరాలు ప్రతి ఫోటోలో ముందుభాగాన ఒక చిన్న థంబ్‌నెయిల్ దాచిపెడతాయి, 160 బై 120. అది చెక్కు చెదరలేదు. అందులో ఆయన ఉన్నాడు. ముఖం మొత్తం కలిపి ఎన్ని పిక్సెళ్ళో లెక్కపెట్టగలను. పెద్దది చేస్తే గళ్ళ లుంగీ.

పోయిన 46 ఎంబీలో ఆ కింద సగం ఎప్పుడు పోయిందో నాకు తెలీదు. అటక మీదున్నప్పుడే పోయిందో, ఆ నీలం తెర ముందు నేను అరిసె తింటున్నప్పుడు పోయిందో. బాబాయి అడగలేదు. టక్ అనడం మాత్రం చెక్‌డిస్క్ నడిచాకే మొదలైంది.

అదే పెళ్ళిలో ఇంకో నలభై ఫోటోల తర్వాత, భోజనాల బంతిలో ఆయన మళ్ళీ కనిపించాడు. ఫోటో మొత్తం ఉంది, వెలుతురు కూడా బాగుంది. కానీ పక్కవాడితో ఏదో మాట్లాడుతూ పక్కకి తిరిగి, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. చేతిలో అప్పడం. దండ వేసే ఫోటో అంటే నిటారుగా, కెమెరా వైపు చూస్తూ, నవ్వీనవ్వకుండా ఉండాలి. మా పక్క అలాంటివే పెడతారు. బాబాయి ఏఐతో ముఖం తిప్పొచ్చా అని నన్నడిగాడు. తిప్పొచ్చు, కానీ తిప్పాక అది ఎవరి ముఖం అవుతుందో తెలీదన్నాను. అప్పడం వరకూ కట్ చేసి, వెనకాల మనుషుల్ని చెరిపి, గూడూరులో పన్నెండు బై పదహారు ప్రింటు తీయించాడు.

ఆమె వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. బాబాయి ఫ్రేము ఇస్తూనే సంజాయిషీ మొదలుపెట్టాడు, "నేరుగా చూసేది పోయిందమ్మా, ఇది పక్కకుండాది, నవ్వతా ఉండాడు, పందిట్లో బాగుండదనుకుంటే చెప్పు.."

ఆమె కొంగుతో అద్దం తుడిచింది. తుడవడానికేం లేదు, కొత్త ఫ్రేము.

"యాడన్నా నేరుగా నిలబడిందెప్పుడు సామీ" అంది. ఫ్రేముకెంత అని అడిగి, డబ్బులిచ్చి, బస్సు టైమైందని వెళ్ళిపోయింది.