కాగితముపై డిటెక్టివు

మేడ్చల్, శామీర్‌పేటల విద్యార్థులము నలుగురము సెలవులలో బల్లచుట్టుఁ జేరి పాత్రధారణక్రీడ నాడుచుందుము. 1974లో అమెరికాలో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ దీనికి మూలము. బలము, బుద్ధి మున్నగు ఆఱు గుణములకు మూఁడేసి పాచికలు వైచి, పడిన యంకెలతో నొక మనుష్యుని గల్పింపవలెను. పాచికలనఁగానే పెద్దలు జూదమని శంకింతురు గాని యిందుఁ బందెము లేదు.

షెర్లాక్ హోమ్సును గల్పింపఁబూనఁగా వివాదము పుట్టెను. బుద్ధికి 18 ఈయవలెనని కొందఱు. పాచికలకు విడిచినచో నది సగటున 216 పర్యాయముల కొకసారి పడును! అట్టివాఁ డొక్కఁడే సర్వముఁ గనిపెట్టినచోఁ దక్కిన మువ్వురకుఁ బని యేమి?

దారి చూపినవాఁడు వాట్సనే. 1887 నాఁటి తొలి నవలలోనే యతఁడు మిత్రుని యెఱుకకుఁ బట్టిక వ్రాసెను: రసాయనశాస్త్రమున గాఢము, ఖగోళమున శూన్యము. భూమి సూర్యునిఁ జుట్టునని హోమ్సెఱుఁగఁడఁట! మేమును బుద్ధికి 18 వేసి, ఖగోళమునకు సున్న చుట్టితిమి.

మా కథలో దొంగతనము శామీర్‌పేట చెరువుకట్టపై జరిగెను. బహుళాష్టమి రాత్రి తొలిజామున వెన్నెలలో దొంగను జూచితినని సాక్షి చెప్పఁగా హోమ్సు నమ్మెను. జాలరి పాత్ర ధరించిన మిత్రుఁడు మాత్రము, "ఆనాఁడు చంద్రుఁడు అర్ధరాత్రికిఁ గాని రాఁడే!" యనెను. సాక్షియే దొంగ.

ఇఁక కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధరును వ్రాయఁదలఁచితిమి. ఆయనకు సహాయకుఁడు రాజు కలఁడు గావునఁ గాగితములు రెండు కావలెను.