కత్తి అంటే కాంతారావే!

ఇప్పుడు మన హాస్టల్లో ఏది నచ్చినా "కత్తి మామా!" అంటాం. బైక్ కత్తి, బిర్యానీ కత్తి, ఆఖరికి ఎగ్జామ్ పేపర్ కూడా కత్తే. కానీ మా తాత తరంలో కత్తి అంటే ఒకే ఒక్కరు. తాడేపల్లి లక్ష్మీకాంతారావు గారు, అదే మన కత్తి కాంతారావు.

మాది చోడవరం దగ్గర చెరకు పండించే పల్లెటూరు. మా తాత కుర్రతనంలో ఎడ్లబండి కట్టుకుని చోడవరం వచ్చి, నేల టికెట్ కొని కాంతారావు సినిమాలు చూసేవాడు. ఇప్పుడవే సినిమాలు నా ఫోన్‌లో చూస్తాడు, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మరీ. అలా చూసీ చూసీ నేనూ అభిమానినైపోయాను.

కాంతారావు గారు 1923లో కోదాడ దగ్గర గుడిబండలో పుట్టారు. అప్పట్లో అది నిజాం రాజ్యం. నాటకాల పిచ్చితో మద్రాసు రైలెక్కారు. హెచ్.ఎం.రెడ్డి గారు 1953లో 'ప్రతిజ్ఞ' సినిమాలో ఆయన్ని హీరోని చేశారు. తమాషా ఏమిటంటే విలన్ రాజనాల గారి మొదటి సినిమా కూడా అదే. తర్వాత ఏళ్ళ తరబడి తెర మీద కత్తులు దూసుకున్న ఇద్దరూ ఒకే గుమ్మంలోంచి లోపలికొచ్చారన్నమాట.

హాలీవుడ్‌లో ఇలాంటి జోడీ ఒకటుంది. 'రాబిన్‌హుడ్' (1938) వేసిన ఎరాల్ ఫ్లిన్, ఆయన మీద కత్తి దూసే బాసిల్ రాత్‌బోన్. నిజానికి కత్తిసాములో రాత్‌బోనే ఘనుడట, కానీ కథలో ప్రతిసారీ ఓడాల్సింది ఆయనే! ఫ్లిన్ 1959లో చనిపోయాడు. సరిగ్గా ఆ ఏడాదే మన దగ్గర విఠలాచార్య గారి 'జయవిజయ' వచ్చింది. ఆ తర్వాత 'కనకదుర్గ పూజామహిమ', 'గురువును మించిన శిష్యుడు', 'నవగ్రహ పూజామహిమ', 'జ్వాలాద్వీప రహస్యం'... రాకుమారుడంటే కాంతారావే అని జనం ఫిక్సయిపోయారు.

మనం ఇంజనీరింగ్ వాళ్ళం కాబట్టి ఆ సినిమాలు ఇంకో కళ్ళతో కూడా చూడొచ్చు. అప్పుడు గ్రాఫిక్స్ లేవు. మనిషి మాయమవ్వాలంటే కెమెరా ఆపాలి, నటుడు ఫ్రేమ్‌లోంచి తప్పుకోవాలి, మిగతావాళ్ళు కదలకుండా నిలబడాలి, మళ్ళీ కెమెరా తిప్పాలి. ఒకే ఫిల్మ్ మీద రెండుసార్లు షూట్ చేస్తే ఒకే మనిషి ఇద్దరవుతాడు. సెకనుకి 24 ఫ్రేములకి బదులు కాస్త తక్కువ తీసి మామూలు స్పీడులో వేస్తే కత్తియుద్ధం జోరందుకుంటుంది. కానీ ఆ కత్తి పట్టుకున్న మణికట్టుకి, మెట్ల మీంచి దూకే కాళ్ళకి ఏ ట్రిక్కూ లేదు.

"కత్తి సూడకురా, మొగం సూడు. అంత కొట్లాటలోనూ నవ్వుతన్నాడు కాదేటి!" అంటాడు తాత. నిజమే. రాజనాల గారు పళ్ళు కొరుకుతూ మీదికొస్తుంటే, ఈయన చిన్నగా నవ్వుతూ ఓ అడుగు వెనక్కేస్తారు. ఆ నవ్వుకే హాల్లో ఈలలు.

అయితే నాకు ఆయన బాగా నచ్చింది కత్తి లేని చోట. 'లవకుశ' (1963)లో లక్ష్మణుడు. అన్న మాట కాదనలేక వదినగారిని అడవిలో దింపి రావాలి. గెలిచేందుకు అక్కడ యుద్ధమే లేదు. ఒకపక్క సోలో హీరోగా చేస్తూనే, పెద్ద సినిమాల్లో ఎన్టీఆర్ పక్కన రెండో స్థానంలో నిలబడటానికి ఆయన చిన్నతనం పడలేదు. అదే ఏడాది 'నర్తనశాల'లో కృష్ణుడు, 1966లో 'శ్రీకృష్ణ తులాభారం'లో నారదుడు. టీమ్ ప్రాజెక్టులో లీడర్ పోస్టు కోసం కొట్టుకునే మనకి ఇది కాస్త గట్టిగానే తగలాలి.

తెర మీద ఎప్పుడూ గెలిచిన ఆ మనిషి బయట ఓడింది నిర్మాతగా. 1969లో 'సప్తస్వరాలు', తర్వాత 'గండర గండడు', 'ప్రేమజీవులు', 'గుండెలు తీసిన మొనగాడు'. సొంత ఆస్తులు అమ్మి సినిమాల్లో పెట్టారు, చివరికి నష్టాలే మిగిలాయి. ఈలోగా జానపదాల కాలమూ వెళ్ళిపోయింది. విచిత్రంగా ఫ్లిన్ కథా ఇంతే. 'విలియం టెల్' అని సొంత డబ్బుతో మొదలుపెట్టాడు, డబ్బులైపోయి అది సగంలోనే ఆగింది.

నేనొకసారి అన్నాను: "తాతా, అంత ఆస్తి సినిమాల్లో పోసేయడం తెలివితక్కువ కదా?" తాతకి కోపమొచ్చింది. మా అత్త పెళ్ళికి రెండెకరాల చెరకు భూమి అమ్మిన మనిషి ఆయన.

"ఆడు పేకాటలో ఎట్టాడేటి? తనకొచ్చిన పనిలోనే ఎట్టాడు. పోయింది. పోయాక ఏటి సేసాడో అది సెప్పు."

ఏం చేశారంటే, పని చేశారు. హీరో వేషాలు పోయాక చిన్న వేషాలు వేశారు, టీవీ సీరియళ్ళలో నటించారు. రాకుమారుడిగా చూసిన జనం ముందుకి ముసలి తండ్రిగా రావడానికి మొహమాటపడలేదు. తన కష్టసుఖాలతో 'అనగనగా ఒక రాకుమారుడు' అని ఆత్మకథ రాసుకున్నారు. ప్రభుత్వం 2000 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య అవార్డు ఇచ్చింది. 2009 మార్చి 22న హైదరాబాదులో కన్నుమూశారు.

ప్లేస్‌మెంట్ సీజన్లో మా బ్యాచ్‌లో చాలామంది ఒక్క రిజెక్షన్ మెయిల్ రాగానే రెండు రోజులు అన్నం మానేశారు. వాళ్ళకి నేను మోటివేషన్ వీడియోలు పంపలేదు, కాంతారావు గారి కథ చెప్పాను. ఒకడు నవ్వాడు, ఒకడు 'గురువును మించిన శిష్యుడు' లింకు అడిగాడు.

మీరూ ఈ సెలవుల్లో ఇంట్లో పెద్దవాళ్ళతో కూర్చుని ఒక్క కాంతారావు సినిమా చూడండి. తాతలుంటే వాళ్ళనే కామెంటరీ చెప్పమనండి. ట్రిక్ షాట్లు చూసి నవ్వుకోండి, పర్లేదు. కత్తియుద్ధం వచ్చినప్పుడు మాత్రం ఆయన మొహం చూడండి.