జేబులో ఉండాలి, నోట్లో ఉండకూడదు

డాలస్ విమానాశ్రయంలో ఏ నుంచి ఈ దాకా ఐదు టెర్మినళ్లు. వాటి మధ్య స్కైలింక్ అని డ్రైవర్ లేని రైలొకటి. దిగాల్సిన చోట దిగకుండా కిటికీలోంచి విమానాలు చూస్తూ కూర్చున్నాను. మన శంషాబాద్‌లో ఉన్నది ఒక్కటే టెర్మినల్, తప్పిపోదామన్నా కుదరదు. చివరికి గేటు దొరికాక టాకోలు తిన్నాను. బాగా ఘాటని భయపెట్టి వేసిన సాస్, మా ఇంటి ఆవకాయ ముందు పసిపిల్ల.

లిటిల్ రాక్ వెళ్లేది చిన్న విమానం. చేతిసంచులు కూడా కిందికి పంపుతామంటూ గేటు దగ్గరి అమ్మాయి గట్టిగా చెప్పింది: "పవర్ బ్యాంకులు, వేప్‌లు తీసి మీ దగ్గరే ఉంచుకోండి!"

నేను తెల్లబోయాను. వేప్ అంటే ఈ-సిగరెట్టే కదా. మన దేశంలో 2019 చట్టం ఈ-సిగరెట్ తయారీ, దిగుమతి, అమ్మకం, రవాణా, నిల్వ అన్నిటినీ నిషేధించింది. ఇక్కడేమో దగ్గరుంచుకోమని బతిమాలుతున్నారు!

నా ముందున్న పెద్దాయన, లారీ డ్రైవరట, సంచంతా కెలికి నీలం గొట్టమొకటి తీశాడు. "లోపల పీలుస్తారా?" అని అడిగేశాను. పగలబడి నవ్వాడు. విమానంలో పీల్చడం కుదరదు, 2016లో ఆ మాట నిబంధనల్లోనే రాసేశారు. చార్జింగ్ పెట్టడమూ కూడదు. అయినా అది మనిషితోపాటు పైనే ప్రయాణించాలి. అందులోది లిథియం బ్యాటరీ మరి. కింద సామాన్ల మధ్య అంటుకుంటే చూసే నాథుడుండడు, పైనయితే సిబ్బంది నీళ్లు పోసి చల్లారుస్తారు.

విమానం ఎక్కాక అసలు వింత టాయిలెట్ దగ్గర కనిపించింది. తలుపు మీద పొగ తాగొద్దన్న బొమ్మ, దాని పక్కనే బూడిద వేసుకునే చిన్న డబ్బా! అది లేకపోతే నిబంధన తప్పినట్టేనట. ఎంత చెప్పినా వినకుండా వెలిగించే మహానుభావుడు ఒకడుంటాడు, వాడు పీకను చెత్తబుట్టలో పడేయకూడదు కదా. 1973లో పారిస్ దగ్గర వారిగ్ విమానం టాయిలెట్‌లో మొదలైన మంటకు 123 మంది చనిపోయారు. సిగరెట్ పీక వల్లే కావచ్చని అనుమానం. నిషేధించినవాళ్లే నిషేధాన్ని పూర్తిగా నమ్మకపోవడం నాకు తెగ నచ్చింది.

లిటిల్ రాక్‌లో పెద్దాయన అందరికంటే ముందు బయటపడ్డాడు. మేము వెళ్లేసరికి తలుపు బయట మామిడిపండు వాసన. నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన మా మేనకోడలు ముక్కు ఎగబీల్చి, "మామయ్యా, ఊళ్లో ఎవరైనా తెమ్మన్నారేమో, ఇలాంటిది కొనకండి" అంది. మీకూ అదే చెబుతున్నా. మన దగ్గర దిగుమతి చేస్తే మొదటిసారికే ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. చాక్లెట్లు తెచ్చుకోండి.