జెర్రిపోతుకి కర్ర, కట్లపాముకి సోడా

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఒక హత్య జరిగింది. అందులో నాకూ భాగం ఉంది కాబట్టి ఈ టపా.

పొద్దున్న తొమ్మిదింటికి సొసైటీ వాట్సాప్ గ్రూపులో "సెల్లార్లో కోబ్రా" అని మెసేజొచ్చింది. పరిగెత్తుకెళ్ళి చూస్తే, జెనరేటర్ పక్కన గోడకి ఆనుకుని ఆరడుగుల పాము. పసుపు, గోధుమ కలిసిన రంగు, పెద్ద పెద్ద గుండ్రటి కళ్ళు. పడగ లేదు. చిన్నప్పుడు మా పొలం గట్ల మీద లెక్కలేనన్నిసార్లు చూసిన జెర్రిపోతే. "అది జెర్రిపోతండీ, విషం ఉండదు" అన్నాను కూడా. ఎంత మెల్లగా అన్నానంటే నాకే సరిగ్గా వినపడలేదు. పక్క ఫ్లాటాయన "మీరు గ్యారంటీ ఇస్తారా?" అనడిగాడు. శుక్రవారం సాయంత్రం రిలీజు ముందు మేనేజరు అడిగినట్టే ఉంది. గ్యారంటీ అనేసరికి నా నోరు పడిపోయింది. వాచ్‌మన్ కర్ర తెచ్చాడు. నేను ఫోన్లో టార్చి వేసి పట్టుకున్నాను. రెండు నిమిషాల్లో అయిపోయింది.

అసలది ఎందుకొచ్చిందంటారా? మనం సెల్లార్లో వదిలేసే చెత్త సంచుల కోసం ఎలకలొస్తాయి, ఎలకల కోసం అదొచ్చింది. మనం టికెట్ రైజ్ చెయ్యకుండానే వచ్చిన పెస్ట్ కంట్రోల్ అన్నమాట. త్రాచుతో జతకడుతుందనీ, తోకతో కొడితే చెయ్యి పడిపోతుందనీ దాని మీద బోలెడు కథలు. రెండూ అబద్ధాలే. ఒకదాన్నొకటి చుట్టుకుని పైకి లేచే పాముల్ని చూసి జత కడుతున్నాయనుకుంటాం కానీ, చాలాసార్లు అవి కుస్తీ పట్టే రెండు మగ జెర్రిపోతులు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని చంపడం నేరం కూడా.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాము మీద జాలితో మాత్రమే కాదు, మా బాబాయి గుర్తొచ్చి.

1994 ఆగస్టు. కృష్ణా జిల్లాలో మా ఊరు. బాబాయి వసారాలో చాపేసుకుని పడుకున్నాడు. తెల్లవారుజామున లేచి కడుపులో నొప్పన్నాడు. నానమ్మ వాము నీళ్ళిచ్చింది. ఎవరో సోడా తెచ్చారు. కాసేపటికి కనురెప్పలు వాలిపోవడం మొదలైంది, మాట ముద్దగా వచ్చింది. "రాత్రి నిద్ర చాలలేదేమో, పడుకోనివ్వండి" అన్నారు. పదింటికి పిన్ని చాప తీసి దులపబోతే కింద చుట్ట చుట్టుకుని కట్లపాము. నల్లటి ఒంటి మీద సన్నటి తెల్ల కట్లు, మూరెడుంటుందేమో. అక్కణ్ణుంచి మంత్రం వేసే ఆయన దగ్గరికి, ఆయన దగ్గర్నుంచి టౌను ఆసుపత్రికి. దారిలోనే ఊపిరాగిపోయింది.

కట్లపాముతో వచ్చిన చిక్కే అది. రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళ పక్కలోకి వస్తుంది. కాటు దగ్గర నొప్పి, వాపు పెద్దగా ఉండవు, చాలాసార్లు గాటు కూడా కనపడదు. దాని విషం నరం నుంచి కండరానికి సంకేతం వెళ్ళే చోట, నరం కొసనే దెబ్బతీస్తుంది. ముందు రెప్పలు, తర్వాత గొంతు, చివరికి ఊపిరి తీయించే కండరాలు. ఒకసారి నరాల కొసలు పాడయ్యాక విరుగుడు మందు వాటిని బాగుచెయ్యలేదు. అవి మళ్ళీ కోలుకునేదాకా వెంటిలేటర్ మీద ఊపిరి నిలబెట్టాలి. అందుకే మనం సోడా కోసం పోగొట్టిన ప్రతి గంటా లెక్కలోకొస్తుంది.

మన భాషలో చెప్పాలంటే సెల్లార్లో జరిగింది ఫాల్స్ పాజిటివ్, వసారాలో జరిగింది ఫాల్స్ నెగెటివ్. పాము ఎంత పొడుగుంది, కాటు ఎంత నొప్పెట్టింది అన్నవి చూసి మనం భయాన్ని కొలుస్తాం. ఆ రెండూ పనికిరాని కొలతలే.

2020లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారు. అంటే సగటున ఏడాదికి 58 వేలు. ఎక్కువ మరణాలున్న ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. పోయేవాళ్ళలో ఎక్కువమంది పల్లెల్లో వాళ్ళే, అదీ వానాకాలంలో. మన దేశంలో 300కి పైగా పాము జాతులున్నా, ప్రాణాలు తీసేవాటిలో ముఖ్యమైనవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. ఆ నాలుగింటికీ విరుగుడు ఒకే మందులో ఉంటుంది. గుర్రాలకి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలో తయారైన ప్రతిరక్షకాలతో చేస్తారు దాన్ని. కాబట్టి కరిచిన పాముని వెతికి, చంపి, సంచిలో వేసుకుని డాక్టరుకి చూపించాల్సిన పని లేదు. గాటు కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు. కరిచిన చెయ్యో కాలో కదలకుండా ఉంచి తిన్నగా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, అంతే. సెల్లార్లో పాము కనిపిస్తే దూరంగా నిలబడి, పట్టి తీసుకెళ్ళేవాళ్ళకి కబురు పెట్టాలి. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా ఈ పని చేస్తున్నారు. ఇవన్నీ ఆ రోజుకే నాకు తెలుసు. తెలిసి టార్చి పట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే అమ్మకి ఫోన్ చేశాను. పిన్ని ఇప్పటికీ వసారాలో చాపేసుకునే పడుకుంటుందట, మంచం మీద నిద్ర పట్టదని. ఈ శనివారం ఊరెళ్తున్నాను, దోమతెర తీసుకుని. అంచులు పరుపు కిందకి దోపుకుని పడుకుంటే కట్లపాము లోపలికి రాలేదు. మంచం మీద పడుకోమని నేను చెబితే పిన్ని వింటుందో లేదో తెలీదు గానీ, ఈసారి మాత్రం గట్టిగానే చెబుతాను.

మీ ఊరికి ఫోన్ చేసినప్పుడు మీరూ ఓ మాటు అడగండి, ఎవరెవరు నేల మీద పడుకుంటున్నారో.